ఉచిత న్యాయ సహాయ సంస్థకి నాయకత్వ బృందాన్ని ఎలా కూర్చుకోవాలి

ఉచితంగా న్యాయ సహాయం చేసే సంస్థ పెట్టాలనుకునేవాళ్లు, లేదా ఉన్నదాన్ని కాస్త గాడిలో పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చేసే పని పేర్ల లిస్టు రాసుకోవడం. పేరున్న సీనియర్ లాయర్ ఒకరు, రిటైరైన జడ్జి ఒకరు, చందాలు తేగలిగినవాళ్లు ఇద్దరు, ఎప్పట్నుంచో ఈ పనిలో ఉన్న కార్యకర్త ఒకరు. లిస్టు చూడ్డానికి బాగానే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం దేనికి ఎవరు బాధ్యులో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది, ఎందుకంటే మనుషుల్ని కూర్చోబెట్టారు కానీ ఏ నిర్ణయం ఎవరిదో రాసుకోలేదు.

కాబట్టి పేర్లు తర్వాత. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నిర్ణయాలు రాయండి. ఏ రకం కేసులు తీసుకుంటాం, ఫలానా మనిషి కేసు తీసుకోవాలా వద్దా, తీసుకున్న కేసులో రాజీకి ఒప్పుకోవాలా, అప్పీలుకి వెళ్లాలా, ఈ గ్రాంటు తీసుకోవచ్చా, ఈ లాయర్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలా, పత్రికలవాళ్లతో ఎవరు మాట్లాడాలి. ఒక్కోదానికి ఎదురుగా ఒక్క హోదా మాత్రమే రాయాలి. "అందరం కలిసి" అని రాశారంటే ఆ పని ఎవరూ చెయ్యరు, లేదా ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు చేస్తారు.

ఈ కాగితం ఏ స్వచ్ఛంద సంస్థకైనా పనికొచ్చేదే, కానీ న్యాయ సహాయంలో ఇది లేకపోతే అసలు నడవదు. బడి నడిపే సంస్థలో బోర్డు ఏం చెప్తే సిబ్బంది అది చేస్తారు, అందులో తప్పేం లేదు. ఇక్కడ కేసు ఒకసారి చేతిలోకి తీసుకున్నాక లాయర్ జవాబు చెప్పుకోవాల్సింది క్లయింట్‌కి. జీతం సంస్థ ఇస్తున్నా సరే, బోర్డులో ఎంత పెద్దమనిషి ఉన్నా సరే, ఆ క్లయింట్‌కి మేలు చేసేదేదో లాయరే చూడాలి, రాజీ పడాలో వద్దో క్లయింటే చెప్పాలి. అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ లాయర్ల వృత్తి ధర్మం మీద 1974లో ఇచ్చిన 334వ ఫార్మల్ ఒపీనియన్ (అధికారిక అభిప్రాయం) సరిగ్గా దీని గురించే: న్యాయ సహాయ సంస్థ బోర్డు ఏ తరహా కేసులకి ప్రాధాన్యం ఇవ్వాలో విధానం పెట్టొచ్చు, కానీ ఫలానా క్లయింట్ కేసు ఇలా నడపమని లాయర్‌కి చెప్పకూడదు. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ గీతని మీ కాగితం మీద నల్లగా గీసుకోండి. మిగతా బృందం అంతా దీని చుట్టూనే.

గీత రాసుకోవడం తేలిక, పాటించడం కష్టం, ఎందుకంటే దాన్ని దాటేవాళ్లెవరూ చెడ్డ ఉద్దేశంతో దాటరు. సాయంత్రం బోర్డు సభ్యుడి నుంచి డైరెక్టర్‌కి ఫోన్ వస్తుంది. "మేడమ్, మాకు తెలిసినాయన ఒకరున్నారు, పాపం ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారట, మన లాయర్లలో ఎవరినైనా ఒకసారి చూడమనండి." దీనికి ఏం చెప్పాలో డైరెక్టర్ అప్పటికప్పుడు ఆలోచించుకోకూడదు, ముందే సిద్ధంగా ఉండాలి. "తప్పకుండా సార్, ఆయన్ని కొత్త దరఖాస్తులు తీసుకునే మన ఇంటేక్ నంబరుకే ఫోన్ చెయ్యమనండి, అందరితో పాటే చూస్తాం. ఆ తర్వాత కేసు ఏమైందో నేను మీకు చెప్పలేను, ఏమీ అనుకోకండి." అంతే. ఈ మాట బోర్డులో చేరేరోజే అందరికీ చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆ ఫోన్ రోజున మొహమాటం ఉండదు. మొహమాటానికి పోయి తీసుకున్న కేసులే తర్వాత సంస్థ నెత్తి మీద కూర్చుంటాయి.

ఇక బోర్డు. లాయర్లతో మాత్రమే నింపేస్తే అది బార్ అసోసియేషన్ మీటింగ్‌లా తయారవుతుంది, లాయర్లు అసలు లేకపోతే పని నాణ్యత ఎలా ఉందో అడగడం కూడా ఎవరికీ చేతకాదు. అమెరికాలో 1974 చట్టంతో ఏర్పడిన లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ తన దగ్గర నిధులు తీసుకునే సంస్థలకి ఒక లెక్క పెట్టింది: బోర్డులో కనీసం 60 శాతం మంది లాయర్లు ఉండాలి, కనీసం మూడో వంతు మంది ఎంపికయ్యేనాటికి న్యాయ సహాయానికి అర్హులైన పేదవాళ్లే అయి ఉండాలి. మీకు ఆ నియమం వర్తించకపోయినా ఆ మూడో వంతు ఆలోచన మాత్రం తీసుకోండి. ఈ సహాయం వాడుకునేవాళ్లు బోర్డులో లేకపోతే ఆఫీసు పదిన్నరకి తెరిస్తే దినకూలీ మనిషి ఎలా వస్తాడు అని అడిగేవాళ్లుండరు. బ్రిటన్‌లో 1970లో మొదలైన మొట్టమొదటి లా సెంటర్ (స్థానికంగా ఉచిత న్యాయ సహాయం చేసే కేంద్రం), లండన్‌లోని నార్త్ కెన్సింగ్టన్‌ది, లాయర్ల ఆఫీసుల వీధిలో కాకుండా పేదలుండే పేటలోనే తెరిచి, స్థానికులకి నిర్వహణలో చోటు ఇచ్చింది కూడా ఇందుకే.

అయితే ఒక్క మనిషిని తెచ్చి చివరి కుర్చీలో కూర్చోబెట్టి "మాకు క్లయింట్ ప్రతినిధి ఉన్నారు" అనుకోవడం దండగ. ఇద్దరు ముగ్గురైనా ఉండాలి, ఒంటరిగా ఉన్న మనిషి అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య నోరు విప్పడు. మీటింగ్ టైమ్ వాళ్ల పని వేళల్ని బట్టి పెట్టండి, రానూపోనూ ఖర్చు, పిల్లల్ని చూసుకునేవాళ్లకయ్యే ఖర్చు అడగకుండానే ఇవ్వండి, బడ్జెట్ కాగితాలు మీటింగ్‌కి ముందే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. ఇంకో జాగ్రత్త, వాళ్ల సొంత కేసు మీ దగ్గర నడుస్తుంటే ఆ విషయం బోర్డులో ఎవరికీ తెలియకూడదు, దాని మీద వాళ్లు ఓటు వెయ్యాల్సిన అవసరం ఎక్కడా రాకూడదు.

బోర్డులో ఉండే లాయర్లకీ ఒక చిక్కు ఉంది. ఉదాహరణకి, ఒక సభ్యుడి లా ఆఫీసు ఇళ్ల యజమానుల తరఫున వాదిస్తుంటుంది, మీ సంస్థ అద్దెకున్నవాళ్ల తరఫున. అంతమాత్రాన ఆయన బోర్డులో ఉండకూడదని కాదు. అమెరికన్ బార్ అసోసియేషన్ లాయర్ల ప్రవర్తనకి రాసిన నమూనా నియమాల్లో 6.3వది దీన్ని ఒప్పుకుంటుంది, కాకపోతే తన క్లయింట్‌కి చేయాల్సిన ధర్మానికి అడ్డొచ్చే నిర్ణయంలో ఆయన పాల్గొనకూడదు. పద్ధతి ఏమిటంటే ఆ అంశం రాగానే ఆయన గదిలోంచి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. కూర్చుని మాట్లాడకుండా ఉంటానంటే ఒప్పుకోకండి.

డైరెక్టర్ లాయరై ఉండాలా? ఈ చర్చ ప్రతిచోటా వస్తుంది. నా మట్టుకు నాకు, లాయర్ కాకపోయినా పర్లేదు, డబ్బు లెక్కలు తెలిసి, మనుషులతో పని చేయించగలిగి, కాదని చెప్పగలిగితే చాలు, కానీ అప్పుడు లీగల్ డైరెక్టర్ వేరుగా, గట్టి మనిషి ఉండాలి, కేసుల విషయంలో ఆఖరి మాట ఆ మనిషిదేనని నియామక పత్రంలోనే ఉండాలి. లాయరైన డైరెక్టర్‌తో వచ్చే సమస్య వేరే, ఆయనకి కోర్టు మీద మోజు పోదు, పెద్ద కేసు వస్తే తానే వాదిస్తానంటాడు, గ్రాంటు రిపోర్టు గడువు దాటిపోతుంది. చిన్న సంస్థలో ఒకే మనిషి రెండూ చూడక తప్పదు అనుకుంటే కనీసం ఆ మనిషి చేతిలో ఉండే సొంత కేసులకి ఒక పరిమితి పెట్టండి, బోర్డు మూడు నెలలకోసారి ఆ సంఖ్య అడగాలి.

ఉద్యోగం ఏ రూపంలో ఇస్తున్నారో కూడా చూసుకోండి, ఇది దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో సంస్థ నెల జీతం మీద పెట్టుకున్న లాయరే కోర్టుకి వెళ్తారు. భారతదేశంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వది ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటు పూర్తికాలం జీతపు ఉద్యోగిగా ఉండకూడదంటుంది, కాబట్టి అక్కడ కాంట్రాక్టు ఎలా రాసుకోవాలో ముందే సలహా తీసుకోవాలి. పెద్ద పదవి ఇచ్చేసి తర్వాత లైసెన్సు గురించి తలపట్టుకోవడం కంటే ఇది నయం.

లీగల్ డైరెక్టర్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే సంస్థ పరువు నిలబడేదీ పోయేదీ ఈ కుర్చీ దగ్గరే. కోర్టులో బాగా వాదించే మనిషి కావాలని అందరూ అనుకుంటారు, కానీ రోజూ చేయాల్సిన పని ఇతరుల ఫైళ్లు చదవడం, గడువులు చూడటం, వద్దని చెప్పడం.

వారంవారం జరిగే ఇంటేక్ మీటింగ్ ఊహించుకోండి. బల్ల మీద పదకొండు దరఖాస్తులు, కొత్త కేసు తీసుకునే తీరిక ఉన్న లాయర్లు ఇద్దరు, ఇద్దరూ కలిపి నాలుగు తీసుకోగలరు. ఒకామెకి ఇల్లు ఖాళీ చేయించే కేసులో ఎల్లుండే వాయిదా. ఒకాయనకి జీతం బకాయి, గడువు ఇంకా చాలా ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి, ఒక నోటీసుతోనే పని అయ్యేలా ఉంది. ఇంకొకామె భర్త కొడుతున్నాడని రక్షణ ఉత్తర్వు కోసం వచ్చింది, కానీ కంప్యూటర్‌లో భర్త పేరు వెతికితే ఏమీ రాలేదు, ఇంటేక్ అమ్మాయి అనుమానం వచ్చి ఫోన్ నంబరుతో వెతికితే పోయిన ఏడాది అతనే వేరే స్పెల్లింగుతో వచ్చి ఇదే కాపురం గొడవ మీద సలహా తీసుకుని వెళ్లాడని తేలింది. ఇక ఆమె కేసు మీరు తీసుకోకూడదు, ఎందుకు తీసుకోవట్లేదో ఆమెకి చెప్పనూ కూడదు, చెప్తే అతని రహస్యం బయటపడుతుంది. అలాగని ఒట్టి చేతులతో పంపిస్తే ఆమె ప్రాణానికే ముప్పు. ఆ రోజే ఆమెని చేర్చుకునే వేరే సంస్థతో, వేరే లాయర్‌తో ముందే ఒప్పందం చేసి పెట్టుకోవాల్సింది లీగల్ డైరెక్టరే, ఆ గదిలో కూర్చుని ఫోన్ నంబర్లు వెతుక్కునే టైమ్ ఉండదు.

దీన్నుంచి రెండు పనులు పద్ధతిగా పెట్టుకోండి. అవతలి పక్షం పేరు, దానికి ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ, ఫోన్ నంబరు, అడ్రసు, ఇవి వెతికాకే మనిషి కథ వినాలి. కథంతా విన్నాక వెతికితే అప్పటికే ఇద్దరి రహస్యాలూ మీ దగ్గరున్నట్టే. రెండోది, తీసుకోని ప్రతి దరఖాస్తుకీ కాగితం వెళ్లాలి: మేం మీ కేసు తీసుకోవడం లేదు, మీకు గడువు ఉండొచ్చు, ఆలస్యం చేయకండి, ఈ చోట్ల అడిగి చూడండి. "చూద్దాం, మళ్లీ ఫోన్ చేస్తాం" అని నాన్చడం అన్నిటికంటే ఘోరం, ఆ మనిషి మీరు చూసుకుంటున్నారనుకుని ఇంట్లో కూర్చుంటాడు, గడువు దాటిపోతుంది.

గడువుల మాట వచ్చింది కాబట్టి, ప్రతి ఫైలుకీ లిమిటేషన్ తేదీ (కేసు వేయడానికి చట్టం పెట్టిన ఆఖరి గడువు), తర్వాతి వాయిదా రెండు చోట్ల ఉండాలి, లాయర్ సొంత డైరీలో ఒకటి, సంస్థ క్యాలెండర్‌లో ఒకటి, రెండోది ఇంకో మనిషి చూడాలి. లాయర్‌కి జ్వరం వచ్చిన రోజున ఆ డైరీ ఎవరికీ పనికిరాదు. లీగల్ డైరెక్టర్ ప్రతి లాయర్ ఫైళ్లలోంచి కొన్నింటిని తనే ఏరుకుని చదవాలి, లాయర్ తెచ్చి చూపించినవి కాదు. క్లయింట్‌తో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, ఏం చెప్పారు, అది రాసుందా, అంతవరకు చూస్తే చాలు, ఏ ఫైలు కుళ్లిపోతోందో తెలిసిపోతుంది. ఒక లాయర్ దగ్గర ఎన్ని కేసులుండొచ్చనే పరిమితి కూడా ఇక్కడే తేలాలి. మంచి మనసున్న లాయర్లే ఈ పరిమితిని ఎక్కువగా దాటుతారు, ఎవరినీ కాదనలేక, ఆ తర్వాత నిద్ర పట్టక, చివరికి ఉద్యోగమే మానేస్తారు. హింస, పిల్లల కేసులు చూసేవాళ్లకి ఇది మరీ ఎక్కువ, వాళ్లకి ఆ కేసుల మధ్య వేరే రకం కేసులు కలిపి ఇవ్వడం టెన్షన్ తగ్గించే ఉపన్యాసాలకంటే పనిచేస్తుంది.

డబ్బు చూసే మనిషిని అకౌంటెంట్ అనుకుని బృందం బయట కూర్చోబెడతారు చాలామంది. తప్పు. గ్రాంటు కాగితంలోని ఒక్క షరతు మీ న్యాయ పనినే మార్చేయగలదు. 1996లో అమెరికా కాంగ్రెస్ లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ నిధులు తీసుకునే సంస్థలు క్లాస్ యాక్షన్ దావాలు (ఒకే సమస్య ఉన్న చాలామంది తరఫున కలిపి వేసే కేసులు) వేయకూడదని షరతు పెట్టింది, ఆ డబ్బుతోనే కాదు, వేరే చోట తెచ్చుకున్న డబ్బుతో కూడా. కొన్ని సంస్థలు ఆ నిధులే వదులుకున్నాయి, కొన్నిచోట్ల ఆ తరహా కేసుల కోసం వేరే సంస్థ పెట్టుకున్నారు. కాబట్టి కొత్త గ్రాంటు వచ్చిందని స్వీట్లు పంచుకునే ముందు ఫైనాన్స్ మనిషి, లీగల్ డైరెక్టర్ ఇద్దరూ కలిసి ఒప్పందం చివరి పేజీ దాకా చదివి మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి: ఇది మిగతా డబ్బుని కూడా కట్టేస్తుందా, క్లయింట్ల పేర్లు అడుగుతుందా, ఎవరి మీద కేసు వేయకూడదని ఎక్కడైనా ఉందా. పేర్లు అడిగితే ఇవ్వకూడదు, కేసుల సంఖ్యలు, రకాలు ఇవ్వొచ్చు. ఆడిటర్‌కి కూడా అంతే, ఫైలు నంబరు చాలు.

ఒకే చోటి నుంచి వచ్చే డబ్బు మీద బతకడం ఎంత ప్రమాదమో రెండు సందర్భాలు చూస్తే తెలుస్తుంది. అమెరికాలో లాయర్లు క్లయింట్ల డబ్బు ఉంచే ట్రస్టు ఖాతాల మీద వచ్చే వడ్డీ న్యాయ సహాయానికి వెళ్తుంది, 2008 సంక్షోభం తర్వాత వడ్డీ రేట్లు పడిపోగానే ఆ ఆదాయం కుప్పకూలింది. సరిగ్గా జనానికి అప్పుల కేసులు, ఇళ్ల కేసులు పెరిగిన కాలంలో. ఇంగ్లండ్‌లో 2012 చట్టం 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి కుటుంబ వివాదాలు, అప్పులు, సంక్షేమ భృతుల కేసుల్లో చాలావాటిని ప్రభుత్వ న్యాయ సహాయం నుంచి తీసేసింది, దాని మీదే ఆధారపడ్డ లా సెంటర్లు కొన్ని మూతపడ్డాయి. మూడు నుంచి ఆరు నెలల ఖర్చు నిల్వ ఉంచుకోమని సాధారణంగా చెప్తారు. న్యాయ సహాయంలో ఆ లెక్కకి ఇంకొకటి కలపండి: రేపు తలుపులు మూయాల్సి వస్తే నడుస్తున్న కేసుల్ని వేరేవాళ్లకి అప్పజెప్పడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఆ నెలల జీతాలు ఎవరూ ముట్టుకోకూడదు.

చందాలు తెచ్చే మనిషి గురించి ఒక్క మాట. క్లయింట్ల కథలు లేకపోతే చందాలు రావు అంటారు, నిజమే, కానీ కేసు నడుస్తున్నంతకాలం ఫోటో వద్దు. అనుమతి కూడా ఆ కేసు చూసే లాయర్ అడగకూడదు, కాదంటే కేసు సరిగ్గా చూడరేమోనని క్లయింట్ భయపడతాడు. ఉచితంగా కేసులు చేస్తామని ముందుకొచ్చే బయటి లాయర్లని చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే మంచిది, ఆ మనిషి లీగల్ డైరెక్టర్ కింద ఉండాలి, చందాల విభాగం కింద కాదు. లేకపోతే పెద్ద లా ఫర్ముని సంతోషపెట్టే కేసులు దొరుకుతాయి కానీ జనానికి అవసరమైనవి దొరకవు.

ఇంటేక్ హెడ్‌ని కూడా నాయకత్వంలో కూర్చోబెట్టండి. లాయర్ డిగ్రీ లేకపోయినా సరే. ఈ నెల ఏ పేట నుంచి ఏ రకం నోటీసులు పట్టుకుని జనం వస్తున్నారో అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషికే, బోర్డుకి ఆ వార్త చేరేసరికి లేకపోతే ఆరు నెలలు పడుతుంది.

డైరెక్టర్ పనిని బోర్డు ఏడాదికోసారి రాతపూర్వకంగా అంచనా వేయాలి, అందులో గెలిచిన కేసుల సంఖ్య పెట్టకండి. ఆ సంఖ్య పెట్టిన రోజు నుంచి తేలిగ్గా గెలిచే కేసులే లోపలికి వస్తాయి. సిబ్బంది ఎంతకాలం ఉంటున్నారు, తీసుకోని వాళ్లకి ఎన్ని రోజుల్లో జవాబు వెళ్తోంది, గడువు తప్పిన ఫైలు ఏదైనా ఉందా, ఆడిట్‌లో ఏం రాశారు, ఇవి అడగండి. డైరెక్టర్ మీద ఫిర్యాదు వస్తే సిబ్బంది ఎవరికి చెప్పాలో ఒక బోర్డు సభ్యుడి హోదా రాసి గోడ మీద అంటించండి, డైరెక్టర్ గారికే డైరెక్టర్ మీద ఫిర్యాదు ఇవ్వమనే సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరిగా, వెళ్లిపోయేవాళ్ల సంగతి. సంస్థ పెట్టిన మనిషి ఏదో ఒక రోజు వెళ్లిపోతారు, అది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. బ్యాంకులో సంతకం ఎవరెవరిదో, కేసుల సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, ఏ ఫండర్‌తో నోటిమాటగా ఏం ఒప్పుకున్నారో ఇప్పుడే రాయించండి, మనిషి బాగున్నప్పుడే. లాయర్ స్థాయి మనిషి వెళ్లిపోతుంటే ప్రతి క్లయింట్‌కీ ఉత్తరం వెళ్లాలి, కొత్త లాయర్ ఎవరో, ఇష్టం లేకపోతే ఏం చెయ్యొచ్చో అందులో ఉండాలి. పాత లాయర్ ఆఖరి రోజు కంటే ముందే కొత్త లాయర్ వకాల్తా కోర్టులో దాఖలై ఉండాలి. ఆ వారం వాయిదాలున్న ఫైళ్లన్నీ లీగల్ డైరెక్టర్ బల్ల మీదకి తెప్పించుకుని, వకాల్తా దాఖలైనట్టు కాగితం కళ్లారా చూశాకే వీడ్కోలు పార్టీకి వెళ్లాలి.